తడి ఆరేలోపు

ఇష్టమైన చిత్రకారులెవరని అడిగితే
నోరు తిరగని ఫ్రెంచి పేరొకటి చెప్పి
తప్పించుకుంటుంటాను.
అబద్ధమేం కాదు, ఆ బొమ్మలూ చూశాను.
కానీ అవి చూసేనాటికే నా చెయ్యి
ఎర్రగుంట్లలో పాడైపోయింది.

మా ఇంట్లో నేలంతా నల్లబండలు.
మా నాయన ఫ్యాక్టరీలో పాలిష్ పట్టేవాడు.
అంచు విరిగినవీ అమ్ముడుపోనివీ
ట్రాక్టరాయన్ని బతిమాలి ఒక్కోటీ ఇల్లు చేర్చాడు.
అందుకే ఏ రెండూ ఒక కొలత కాదు.
మిట్టమధ్యాహ్నం జేజి నిద్రపోయాక
చెంబులో వేలు ముంచి బండ మీద మేకను వేసేదాన్ని.
నాలుగో కాలు వేసేసరికి
మొదటి కాలు ఆరిపోయేది.
"మీ గీతలో భలే వేగమండీ" అని ఎవరైనా మెచ్చుకుంటే
నాకు మే నెల గుర్తొస్తుంది.

పెయింటర్ మాబు గురించి చెప్పాలి.
బస్టాండెదురు ఎరువులంగడి బోర్డు మీద
వంకాయ వేస్తున్నాడు.
ఊదారంగు మరకలా పడుంది అప్పటిదాకా.
ఒకే ఒక్క తెల్లచుక్క పెట్టాడు,
కూర వండుకోవచ్చుననిపించింది.
నేను కదలకుండా నిలబడితే
బీడీ తియ్యకుండానే అన్నాడు:
"ఎలుతురు యాడ తగుల్తాదో ఆడ పెట్టల్ల పాపా,
నీకు యాడ బాగుంటాదో ఆడ గాదు."
ఫ్లెక్సీలొచ్చాక
సమాధిరాళ్ల మీద చెక్కిన పేర్లలో
నల్లరంగు నింపుతున్నాడని విన్నాను.
మొన్న నా పుస్తకంలో ఏనుగు కంట్లో
ఆ చుక్క పెట్టాను. మూడుసార్లు చెరిపి.

లూర్దుమేరి నాకు రెండేళ్లు పెద్ద.
క్లాసు మొత్తానికీ సైన్సు రికార్డులు తనే వేసేది.
కప్పకు రూపాయి, మందారానికి అర్ధరూపాయి.
పొట్ట కోసి నాలుగు కాళ్లకూ పిన్నులు గుచ్చినా
మేరి కప్ప చచ్చినట్టుండేది కాదు.
ఒక కంటితో సారునే చూసేది.
ముప్పైరెండు రికార్డుల్లోనూ ఆ కన్ను గుర్తుపట్టి
సారు ఎవర్నీ ఏమీ అనలేదు.
అందరికీ తొమ్మిదేసి మార్కులు.
మేరికి ఎనిమిది.
తన కప్పకు భాగాల పేర్లు రాయడం మర్చిపోయింది.

ఇంకొకరున్నారు, పేరు తెలీదు.
బొరుగుల పొట్లమై వచ్చిన వారపత్రిక కాగితం.
కథ సగమే ఉంది, బొమ్మ మొత్తం ఉంది.
కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డ ఆడమనిషి.
జడ నడుము దాకా వచ్చి ఆగిపోయింది.
గీత అక్కడితో సరి.
మిగతా జడంతా నేనే చూసుకున్నాను.
మూలన కొడవలిలాంటి సంతకం,
కారం మరకలో సగం మునిగి.
ఎంత తిప్పి చూసినా అక్షరం కాలేదు.
పెన్ను ఎక్కడ ఆపాలో తెలియనప్పుడు
ఇప్పటికీ ఆ కొడవలి కోసం వెతుక్కుంటాను.

ఇవాళ పొద్దున పాలకు పోయి వస్తుంటే
గేటు పడింది.
సిమెంటు గూడ్సు, తెగదు.
స్కూటీ ముందు గొర్రెపిల్లను నిలబెట్టుకొని ఒకాయన.
అది పెట్టెలు లెక్కపెడుతున్నట్టు
ఒక్కో పెట్టెకూ తలాడిస్తోంది.
మెడికల్ షాపు చీటీ వెనక గీశాను.
ఇంటికొచ్చి చూస్తే పాలు విరిగాయి,
చెవులు కుదర్లేదు.

సాయంత్రం హైదరాబాదు నుంచి ఎడిటర్ ఫోను.
"ఊరు బాగుందండీ, గొర్రెపిల్ల మరీ బాగుంది.
కానీ పిల్లల పుస్తకం కదా,
వేపచెట్టు ఆకులు బూడిదరంగులో ఉన్నాయేంటి?"

కిటికీలోంచి చూశాను.
ఫ్యాక్టరీ వైపు కొమ్మలు ఇంకా తెల్లగా ఉన్నాయి.

"వాన పడలేదండీ ఇంకా"
అన్నాను.